థ్రిల్లర్ ట్రైలర్ కట్ చేశాను, ఎవరికీ భయం వేయడం లేదు

ప్రశ్న:
మేం నలుగురం కలిసి 18 నిమిషాల థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ తీశాం. ఎడిటింగ్ నాదే. ట్రైలర్ నిమిషం 40 సెకన్లు వచ్చింది. చీకటి గది, పరుగులు, అరుపులు, మొదటి నుంచి చివరి దాకా దడదడలాడే మ్యూజిక్, అన్నీ పెట్టాను. చూసినవాళ్లంతా "బాగుంది, కథ అర్థమైంది" అంటున్నారు. టెన్షన్ పడ్డామని ఒక్కరూ అనలేదు. రెండు వారాలుగా దీని మీదే కూర్చున్నాను. లింక్ పెట్టాను, దయచేసి చూసి చెప్పండి.

జవాబు 1:
కథ అర్థమైందన్నారు చూడండి, చిక్కు అక్కడే ఉంది.

52వ సెకను దగ్గర తలుపు హ్యాండిల్ మెల్లగా కిందికి దిగుతుంది. చాలా మంచి షాట్ అది. కానీ వెంటనే తలుపు తెరిచి మనిషిని చూపించేశారు. హ్యాండిల్ సగం దిగిన చోటే కట్ చేయండి. ఓ 12 ఫ్రేములు, అంటే సెకనుకు 24 లెక్కన అర సెకను, తెర నల్లగా ఉంచండి. మ్యూజిక్ అక్కడే టక్కున ఆగాలి. హ్యాండిల్ కిర్రుమనే చప్పుడు మాత్రం ఆ నలుపు మీద కూడా వినపడాలి. కంటికి ఏమీ కనపడనప్పుడు మనిషి చెవులు రిక్కిస్తాడు. తలుపు వెనక ఎవరున్నారో తనే ఊహించుకుంటాడు.

మొదటి నుంచీ మ్యూజిక్ హోరెత్తిస్తే ఆ నిశ్శబ్దం ఎవరికీ తెలియదు. మొదటి 20 సెకన్లు మీ కథలోని అమ్మాయి మామూలు రోజు చూపించండి, అంతే.

జవాబు 2:
పై సలహా మంచిదే. అయితే నలుపు, నిశ్శబ్దం, ఆ వెంటనే ధన్‌మని ఒక శబ్దం... ఈ వరస జనానికి అలవాటైపోయింది. ఒక్కసారే వాడండి. 1980లో వచ్చిన హారర్ సినిమా 'ది షైనింగ్' ట్రైలర్‌లో అసలు కట్లే లేవు. మూసి ఉన్న లిఫ్ట్ తలుపులు, కదలని కెమెరా, పైకి జరిగే పేర్లు. చాలాసేపు ఏమీ జరగదు, ఆ తర్వాత రక్తం ఉప్పొంగుతుంది. ఎదురుచూపే దాని బలం.

ప్రశ్న అడిగినవారు:
రాత్రే మార్చాను. హ్యాండిల్ దగ్గర తెర నల్లబడగానే మా చెల్లి "ఎవరు?" అని గట్టిగా అడిగింది! టైటిల్ పడ్డాక ఇంకో షాట్ పెట్టమంటారా?

జవాబు 1:
పెట్టండి, ఒక్క సెకను చాలు. క్లైమాక్స్‌లోది మాత్రం వద్దు.