అప్‌డేట్: మా సొంత వీడియో మీటింగ్ సర్వర్ కుదిరింది

పన్నెండు మంది ఉన్న మా చిన్న సంస్థకు ఉచిత వీడియో కాన్ఫరెన్స్ సర్వర్ ఏది మంచిదని అడిగాను కదా, చివరికి జిట్సీ మీట్ పెట్టుకున్నాం. ఇన్‌స్టాల్ గంటలో అయిపోయింది. అసలు టెన్షన్ తర్వాతే. ఇద్దరు మాట్లాడుకుంటే అంతా బాగుండేది, మూడో మనిషి రాగానే అందరి బొమ్మలూ నల్లబడి మాట ఆగిపోయేది! రెండు రోజులు కెమెరాలనే అనుమానించాం. తీరా చూస్తే ఫైర్‌వాల్‌లో (సర్వర్‌కు వచ్చే ట్రాఫిక్‌ను వడకట్టే కాపలా) యూడీపీ 10000 పోర్టు, అంటే వీడియో, మాట వెళ్లే దారి, మూసి ఉంది. ఇద్దరే ఉంటే కాల్ నేరుగా వాళ్ల మధ్యే నడుస్తుంది; మూడో వాళ్లు చేరితే సర్వర్‌లోని వీడియోబ్రిడ్జ్ (ఒకరి వీడియోను మిగతావాళ్లందరికీ పంపే భాగం) మీదుగా వెళ్లాలి, దానికి ఆ పోర్టు కావాలి. తెరిచాక ఎనిమిది మందితో గంటన్నర మీటింగ్ ఎక్కడా తెగలేదు. సర్వర్ అడ్రస్ తెలిసిన ఎవరైనా మీటింగ్ మొదలుపెట్టగలరు, కాబట్టి లాగిన్ తప్పనిసరి చేసుకోండి. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.