కొత్త ఇంట్లో నెట్: గోడలో కేబుల్ వేయించాలా, వైఫై చాలా?

పల్నాటి బాటసారి:
గుంటూరులో మేడ కడుతున్నాం. కింద మూడు గదులు, పైన రెండు. వచ్చే వారం గోడలకు గాడి కొట్టి కరెంటు పైపులు వేస్తారు. ప్రతి గదికీ ల్యాన్ కేబుల్ లాగిద్దామని నేనంటున్నాను. ఈ రోజుల్లో తీగలెవరు వాడుతున్నారు, మంచి రూటర్ ఒకటి కొంటే పోలేదా అని నాన్నగారు. తీసుకోబోయేది 300 ఎంబీపీఎస్ ఫైబర్. నాది ఇంటి నుంచే ఉద్యోగం, నా గది పైన. ఎవరి మాట నెగ్గాలంటారు?

రాగితీగ:
మీ మాటే. రూటర్ అట్టపెట్టె మీద 1200 అని అచ్చువేసిన అంకెను నమ్మకండి. అది 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రూటర్‌లో ఉండే రెండు రేడియోల గరిష్ఠ లెక్కలు కూడి వేసింది, ఫోను మామూలుగా ఒకసారికి ఒకదాన్నే వాడుతుంది. ఫైలు దింపుకునే వేగం పక్క గదిలోనే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పైగా వైఫై అంటే ఒకే మైకు, మాట్లాడాల్సిన వాళ్లు పదిమంది. ఒక ఛానెల్‌లో, అంటే రూటర్ వాడే ఒక రేడియో దారిలో, ఒక క్షణాన ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. క్యాట్ 6 రకం ల్యాన్ తీగలో పోవడం, రావడం రెండూ ఒకేసారి వెయ్యి ఎంబీపీఎస్‌తో జరుగుతాయి, 100 మీటర్ల దాకా.

గాలివాటం:
300 ప్లానుకు వెయ్యి తీగ ఏం చేసుకోవడానికండీ? 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. ఇంట్లో ఎక్కువ వాడేది ఫోన్లు, వాటికి ల్యాన్ పోర్టే లేదు. సన్నటి ల్యాప్‌టాప్‌లకూ తీసేశారు. ఇక టీవీ సంగతి చెబితే నవ్వొస్తుంది. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. అదే టీవీ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో అంతకన్నా వేగంగా నడుస్తుంది. డబ్బు పోసి తీగ లాగించుకుని వేగం తగ్గించుకోవడమన్నమాట!

రాగితీగ:
సినిమాకు 15 చాలని మీరే అన్నారు. అలాంటప్పుడు టీవీ పోర్టు 100 అయితే వచ్చిన లోటేమిటి? అయినా ఇక్కడ తగాదా వేగం గురించి కాదు, నిలకడ గురించి. ఆయన ఇంటి నుంచి పనిచేస్తానంటున్నారు. వీడియో మీటింగుకు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. మాట తెగిపోయేది వేగం తక్కువై కాదు, పింగ్, అంటే సమాచారం వెళ్లి జవాబు వచ్చే సమయం, ఒకసారి 3, మరోసారి 150 మిల్లీసెకన్లు అవుతున్నందుకు. తీగ మీద రూటర్ దాకా ఒక మిల్లీసెకను కూడా పట్టదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టూ పది రూటర్లుంటే ఏం చేస్తారు?

గాలివాటం:
అది అపార్ట్‌మెంటు బాధ. ఈయనది సొంత మేడ. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లకు కొదవ లేదు, పక్కింటి సిగ్నల్ రెండు గోడలు దాటి రావడమే కష్టం.

మేడమీద యాంటెన్నా:
పక్కింటి సిగ్నల్ దాటలేని గోడను మీ సిగ్నల్ మాత్రం ఎలా దాటుతుందండీ? ఇళ్లకు నెట్‌వర్క్ వేయడం నా వృత్తి, కాబట్టి నా మాట కాస్త తీగ వైపే ఉంటుంది, ముందే చెబుతున్నాను. కింద రూటర్, పైన గది, మధ్యలో ఇనుప చువ్వల స్లాబ్. అక్కడ 5 గిగాహెర్ట్జ్ నీరసపడి, ఫోను తనంతట తానే నెమ్మదైన 2.4కు దిగిపోతుంది. అప్పుడు అందరూ మెష్, అంటే రూటర్ సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే అదనపు పెట్టెలు, కొంటారు. ఆ మెష్ పెట్టె కింది రూటర్‌తోనూ మీ ఫోనుతోనూ ఒకే రేడియో మీద మాట్లాడితే వేగం సగమవుతుంది.

అయితే ప్రతి గదికీ కేబుల్ నాకూ అనవసరమే అనిపిస్తుంది. మీ పని బల్ల దగ్గరికి ఒకటి, టీవీ వెనక ఒకటి, పై హాలు సీలింగుకు ఒకటి. ఆ మూడోదే అసలైనది. దాని చివర వైఫై యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె, పెడితే పై అంతస్తు ఫోన్లన్నీ దాని మీదే నడుస్తాయి, నాన్నగారి వైఫై కూడా బాగుపడుతుంది.

పల్నాటి బాటసారి:
కరెంటు పైపులోనే కేబుల్ కూడా లాగేస్తానంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. ఫరవాలేదా?

మేడమీద యాంటెన్నా:
వద్దు, ఒప్పుకోకండి. వేరే పైపు వేయించండి, కరెంటు పైపుకు అడుగు దూరంలో. 25 ఎంఎం అయితే మేలు. లోపల లాగుడు తీగ వదిలేయమనండి, రేపు కేబుల్ మార్చాలన్నా గోడ పగలదు. కొనేటప్పుడు తీగ కొనను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, తిప్పి పంపండి. ఇంకొకటి, కేబుల్ లోపలి ఎనిమిది సన్న తీగలూ బిగించాలి. నాలుగే బిగించి పోయేవాళ్లున్నారు. నెట్ వస్తుంది గానీ 100 దాటదు, తప్పు ఎక్కడుందో ఎవరికీ తోచదు.

గాలివాటం:
పైపు సంగతి ఒప్పుకుంటాను, గోడ తెరిచి ఉన్నప్పుడు దాని ఖర్చెంత. టీవీ వెనక కేబుల్ మాత్రం ఇప్పటికీ దండగే.

రాగితీగ:
టీవీ తీగ మీదికి పోతే ఆ మేరకు ఫోన్లకు గాలి ఖాళీ అవుతుంది. దండగ ఎలా అవుతుంది?

పల్నాటి బాటసారి:
నాన్నగారికి చదివి వినిపించాను. సీలింగు కేబుల్‌కు ఒప్పుకున్నారు, టీవీ దగ్గర గాలివాటం గారి పక్షమే. ఫైబర్ బాక్సు ఎక్కడ పెట్టించాలి?

మేడమీద యాంటెన్నా:
కింది హాలు మధ్య గోడకు. కంపెనీవాళ్లు కిటికీ పక్కనే బిగించి వెళ్లిపోతారు, అందుకని వీధి గోడ నుంచి అక్కడికి ఫైబర్ కోసం ఇంకో పైపు ఇప్పుడే వేయించండి. బాక్సు వెనక ఏ పోర్టు వెయ్యిది, ఏది వందది అని కూడా బిగించేటప్పుడే అడగండి. కొన్నింటిలో వెయ్యి పోర్టు ఒక్కటే ఉంటుంది. పైకి వెళ్లే కేబుల్ దానికే పెట్టించండి.