ప్రెయిరీలు బస్సులో దాటేస్తే కెనడా సైకిల్ మీద దాటినట్టేనా?

ఒంటరి_సవారీ: ఉద్యోగం మారే సందులో రెండున్నర నెలలు దొరికాయి. వాంకూవర్ నుంచి హాలిఫాక్స్‌కి ఒక్కడినే సైకిల్ మీద బయల్దేరుతున్నా. రాకీ పర్వతాలు, సుపీరియర్ సరస్సు పక్క రోడ్డు, వీటి కోసమే ఈ ప్రయాణం. మధ్యలో ప్రెయిరీలు, అంటే గడ్డి మైదానాల ప్రాంతం, కాల్గరీ నుంచి విన్నిపెగ్ దాకా 1,300 కిలోమీటర్ల పైన ఉంది, అది మాత్రం బస్సెక్కేద్దామనుకుంటున్నా. బల్లపరుపు రోడ్డు, గోధుమ చేలు, పదీ పన్నెండు రోజులు అదే చూడాలా? తిట్టేవాళ్లు కారణం చెప్పి తిట్టండి.

పాత_పెడల్: తమ్ముడూ, బల్లపరుపని ఎవరు చెప్పారు? రెజీనా చుట్టూ పళ్లెంలా ఉండే మాట నిజమే, కానీ మెడిసిన్ హాట్ నుంచి స్విఫ్ట్ కరెంట్ దాకా ఎక్కుతూ దిగుతూనే ఉంటావు. చాప్లిన్ దగ్గర దూరంగా తెల్లగా కనబడితే జులైలో మంచేంట్రా అనుకున్నా, తీరా చూస్తే సోడియం సల్ఫేట్ తీసే ఉప్పు సరస్సు, ఒడ్డంతా పిట్టలు. ధాన్యం ఎలివేటర్, అదే ధాన్యం నిల్వచేసే ఎత్తైన గిడ్డంగి, కనబడగానే ఊరొచ్చేసిందని సంబరపడతాం, గంట తొక్కినా అది అక్కడే ఉంటుంది. కారులో పోయేవాడికి ఆ దూరం ఎలా తెలుస్తుంది? అది వదిలేస్తే నువ్వు దాటింది కెనడా కాదు, రెండు చివరలు.

లెక్కల_మాస్టారు: అన్నగారికి గాలి కలిసొచ్చినట్టుంది. పడమటి గాలి వెనక నుంచి తోస్తుందని నాకూ అందరూ ధైర్యం చెప్పారు. మూస్ జా దాటాక వరసగా మూడు రోజులు ఆగ్నేయం నుంచి కొట్టింది. గంటకు 20 కిలోమీటర్లు తొక్కేవాడికి ఎదురుగాలి కూడా 20 ఉంటే, దాని ఒత్తిడి గాలి లేనప్పటికంటే నాలుగింతలు. నలుగురుంటే వంతులవారీగా ముందుండి గాలికి అడ్డు కాస్తారు, ఒక్కడివైతే రోజంతా నీ రొమ్మే. తల ప్రాణం తోకకొచ్చి మూడో రోజు ఒక రైతు పికప్ ఎక్కేశా. నాకేం సిగ్గు లేదు.

పాత_పెడల్: ఎక్కింది మూడు రోజులు తిప్పలు పడ్డాక కదా మాస్టారూ, ఈయన ఇంట్లో కూర్చునే ఎక్కేస్తానంటున్నాడు.

రెజీనాలో_ఉంటా: మీరిద్దరూ కొట్టుకోండి గానీ, ఆ బస్సేదో ముందు చూసుకోమనండి. మా సస్కాచెవాన్ రాష్ట్ర ప్రభుత్వ బస్సులు 2017లో మూతపడ్డాయి, గ్రేహౌండ్ బస్సు కంపెనీ 2018లో పశ్చిమ కెనడా వదిలేసింది. ఇప్పుడున్నవి కొద్ది, సైకిల్ ఎక్కించుకుంటారో లేదో అడిగి టికెట్ కొనండి. రైలంటారా, టొరంటో వెళ్లేది ఎడ్మంటన్, సస్కటూన్ మీదుగా పోతుంది, కాల్గరీకి రాదు. ఇక తొక్కేటట్లయితే నీళ్లు జాగ్రత్త. ఒకప్పుడు రైతు గుర్రబ్బండిలో ధాన్యం తోలి పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలని రైలు దారి వెంట పది పదిహేను కిలోమీటర్లకో ఊరు పెట్టారు, ఇప్పుడు వాటిలో చాలాచోట్ల కొట్టు కూడా లేదు. మ్యాప్‌లో పేరు చూసి నమ్మకండి. మధ్యాహ్నం పడమర నల్లబడితే టెంట్ వేసే పని పెట్టుకోకుండా గట్టి కప్పు కిందికి పొండి, వడగళ్లు మామూలుగా పడవు. అన్నట్టు అవన్నీ గోధుమ చేలు కాదు, మసూర్ పప్పు కూడా. మీ అమ్మగారు వండేది ఇక్కడిదే అయ్యుండొచ్చు!

ఒంటరి_సవారీ: రైలు కాల్గరీ మీదుగా వెళ్తుందనే అనుకున్నానండీ, మంచిపని చేశారు. సరే, స్విఫ్ట్ కరెంట్ దాకా తొక్కుతా. అక్కడ గాలి ఎటుందో చూసి మాస్టారి మాట వినాలో అన్న మాట వినాలో తేల్చుకుంటా. మాస్టారూ, ఆ పికప్ ఆపడానికి చెయ్యి ఊపితే చాలా?

లెక్కల_మాస్టారు: ఊపలేదు. రోడ్డు పక్కన కూలబడితే ఆయనే ఆపాడు.