'ఫాస్ట్' అనే మాటకు 'వేగం' అర్థం ఎలా వచ్చింది?

ఇంగ్లీషు భాషాచరిత్ర తెలిసినవారు సాయం చేయగలరా? పాత ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం గట్టిగా, కదలకుండా ఉన్నది అని. ఉతికినా వెలిసిపోని రంగును బట్టల షాపులో 'ఫాస్ట్ కలర్' అనేది ఆ అర్థంలోనే. 'ఫాస్ట్ అస్లీప్' అన్నా అంతే. నియమాన్ని గట్టిగా పట్టడం నుంచి ఉపవాసం, దాన్ని విడిచే బ్రేక్‌ఫాస్ట్ వచ్చాయి. ఇంతవరకు చిక్కు లేదు.

'వేగంగా' అన్నది మాత్రం మధ్య ఇంగ్లీషులో (సుమారు 12-15 శతాబ్దాల ఇంగ్లీషు), ముందు క్రియావిశేషణంగా కనిపిస్తుంది. బలంగా పరుగెత్తడమే క్రమంగా వేగంగా పరుగెత్తడం అయిందని ఒక వివరణ, పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) ప్రభావమని మరొకటి. మొదటిదే నాకు సబబుగా తోస్తుంది, కానీ ఆధారం కావాలి. 'బలంగా', 'వేగంగా' రెండూ పొసిగే 13, 14 శతాబ్దాల వాక్యాలు ఎవరికైనా తెలుసా? వాక్యంతోపాటు గ్రంథం పేరు, రాతప్రతి కాలం చెప్పండి. గ్రంథం రాసిన కాలం, ప్రతి కాలం వేరైతే రెండూ కావాలి. జర్మన్‌లో ఇదే మాట 'దాదాపు' అయింది, ఆ మార్పు తెలిసినవారూ చెప్పండి.