నిరీచ్చన ఏం చెయ్యదు? నానమ్మ వాక్యంలో మరిచిపోయిన చివరి మాట

దివిసీమ మనవడు:
గ్రూపులో పెద్దలందరికీ వందనాలు. ఒక వాక్యం మూడు వారాలుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. బైబిల్లో పౌలు రోమా వాళ్లకు రాసిన ఉత్తరం, అదే రోమా పత్రిక, అయిదో అధ్యాయం మొదటి వచనాలు ఇక్కడ చాలామందికి నోటికి వచ్చినవే కాబట్టి మొత్తం రాయను. మా నానమ్మకు చదువు రాదు. ఆదివారాలు విని విని నేర్చుకున్న వాక్యాలను తన మాటల్లోకి మార్చుకునేది. 1977 నవంబర్ 19 శనివారం నాటి ఉప్పెనలో మా తాతనీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుంది. నాకు ఊహ తెలిశాక, ఊళ్లో ఎవరింట్లో కష్టం వచ్చినా వెళ్లి గడప దగ్గర కూర్చుని ఇదే చెప్పేది:

"శ్రమ ఓర్పు తెచ్చిద్ది, ఓర్పు పరీచ్చ తెచ్చిద్ది, పరీచ్చ నిరీచ్చన తెచ్చిద్ది. నిరీచ్చన మాత్రం సిగ్గు..."

ఆ సిగ్గు తర్వాత ఏమనేదో గుర్తు రావడం లేదు. బైబిల్లో 'నిరీక్షణ', అంటే నమ్మకంతో కూడిన ఆశ, 'సిగ్గుపరచదు' అని ఉంది. నానమ్మ అన్నది అది కాదు, ఇంకాస్త పొట్టిగా, విరిచి చెప్పినట్టు ఉండేది. పాత అనువాదాల్లో వేరే క్రియ ఏదైనా ఉందా? ఈ నెల మా ఇంట్లో కూడా ఒక కష్టం నడుస్తోంది. ఆ మాట ఆమె అన్నట్టుగానే కావాలనిపిస్తోంది.

గోదారిగట్టు:
బాబూ, ముందుగా 'నిరీచ్చన' అని ఆమె పలికినట్టే రాసినందుకు సంతోషం. ఆమె తప్పు పలకలేదు. లక్ష్మి లచ్చి అయినట్టు, భిక్షం బిచ్చం అయినట్టు, అక్షరం అచ్చరం అయినట్టు పరీక్ష పరీచ్చ అయింది. అదే 'క్ష' పక్షిలో పక్కి అయింది, రాక్షసిలో రక్కసి అయింది. ఏ మాటలో చకారం వైపు వెళ్తుంది, ఏ మాటలో కకారం వైపు వెళ్తుంది అన్నది నలభై ఏళ్లుగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న. కృష్ణాజిల్లాలో 'రక్షణ'ను 'రచ్చన' అనడం విన్నాను. 'రక్కన' ఎక్కడా వినలేదు. ఎవరైనా విన్నారా?

చిన్నక్షరం:
నన్ను అడిగితే అసలు చూడవలసింది 'నిర్' అనే ఉపసర్గ. నిర్ + ఈక్షణ. నిర్మలం అంటే మలం లేనిది, నిర్దోషి అంటే దోషం లేనివాడు. అలాగే నిరీక్షణ అంటే చూపు లేనిది, కంటికి కనబడని దాని మీద నిలిచేది. ఇదే పత్రిక ఎనిమిదో అధ్యాయం 24వ వచనం చూడండి: "నిరీక్షింపబడునది కనబడునప్పుడు నిరీక్షణతో పని యుండదు". అనువాదకులు ఈ మాటను ఊరికే ఎంచుకోలేదు. మాటలోనే వేదాంతం పెట్టారు.

గోదారిగట్టు:
చాలా అందమైన ఊహ అండీ, కానీ నిలవదు. నిర్ అన్నిచోట్లా లేమిని చెప్పదు. నిర్ణయంలో నయం లేకపోవడం ఉందా? నిర్మాణంలో మానం లేకపోవడం ఉందా? మీ బైబిల్లోనే రెండో పుస్తకం పేరు నిర్గమకాండం, అక్కడ నిర్ అంటే బయటికి. నిరీక్షించడం అంటే సంస్కృతంలో తదేకంగా చూడటం. హిందీలో నిరీక్షక్ అంటే ఇన్‌స్పెక్టర్, పాపం ఆయన పని చూడటమే. చూస్తూ ఉండటం అనే అర్థం నుంచి మనకు ఎదురుచూడటం వచ్చింది. అంటే మీరు చెప్పినదానికి సరిగ్గా ఎదురు దిక్కు.

చిన్నక్షరం:
వ్యుత్పత్తి మీరు చెప్పిందే, ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ "తాను చూచుచున్న దానికొరకు ఎవడు నిరీక్షించును?" అని చదువుతున్న తెలుగువాడి చెవికి ఆ 'నిర్' ఎలా వినబడుతుందన్నది వేరే సంగతి. నిరాశ పక్కనే పెట్టి వింటాడు. నిరాశ, నిరీక్షణ. రెండూ ఒకే అక్షరంతో మొదలై రెండు వైపులకు వెళ్తాయి. నేను డయాలసిస్ వార్డు బయట ఏడాదిన్నర కూర్చున్నవాణ్ణి. అక్కడ ఈ రెండు మాటలూ పక్కపక్క కుర్చీల్లోనే ఉంటాయి. వ్యాకరణం ఒప్పుకోకపోయినా నేను ఆ మాటను అలాగే విన్నాను.

బళ్లారి వైపు:
కన్నడ బైబిల్లో కూడా 'నిరీక్షె'యే. తమిళంలో 'నంబిక్కై', మలయాళంలో 'ప్రత్యాశ'. మన రెండు భాషలే చూపు ఉన్న మాటను పట్టుకున్నాయి. 'ఆశ' ఎందుకు పెట్టలేదని చిన్నప్పుడు మా ఆదివారపు బడి టీచరును అడిగాను. 'ఆశకు పోయాడు' అంటే మంచి మాటా, చెడ్డ మాటా అని ఆమె నన్నే తిరిగి అడిగింది. తెలుగులో ఆశ పక్కన పేరాశ, దురాశ ఎప్పుడూ నిలబడి ఉంటాయి. యాకోబు పత్రికలో గర్భము ధరించి పాపమును కనేది దురాశే కదా. అలాంటి మాటను విశ్వాసానికీ ప్రేమకూ మధ్య కూర్చోబెట్టడానికి వాళ్లకు మనసు ఒప్పి ఉండదు.

కీర్తనల పుస్తకం:
ఇక్కడ నేను కలగజేసుకోవాలి, ఎందుకంటే హీబ్రూ వైపు ఎవరూ చూడటం లేదు. 'తిక్వా' అనే మాటకు నిరీక్షణ అని అర్థం. దాని ధాతువు 'కావా' అంటే ఎదురుచూడటం. యెషయా 40:31లో "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అన్నచోట ఉన్నది ఆ ధాతువే. కాబట్టి తెలుగు బైబిల్లో హోప్‌కు 'వెయిటింగ్' అనే మాట పెట్టారని బయటివాళ్లు అనుకునేది పొరపాటేమీ కాదు, మూలానికి అదే దగ్గర. ఇంకో విశేషం, యెరికోలో వేగులవాళ్లను దాచిన రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్రదారం ఉంది కదా, ఆ దారాన్ని చెప్పే హీబ్రూ మాట కూడా తిక్వాయే. ఊరంతా కూలబోతుంటే ఒక కిటికీకి వేలాడే దారం.

తెలుగులో ఎదురుచూడటానికి ఎన్ని మాటలున్నాయో గమనించండి. ఎదురుచూపులో చూపు ఉంది. నిరీక్షణలో ఈక్షణం ఉంది. కీర్తనల్లో 'కనిపెట్టు' అని వస్తుంది, కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టేదానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందని 130వ కీర్తన. అందులో కన్ను ఉంది. ఇప్పుడు 'కనిపెట్టడం' అంటే టెలిఫోను కనిపెట్టడం, దొంగను కనిపెట్టడం అయిపోయింది. చర్చిల్లో మాత్రమే పాత అర్థం బతికి ఉంది. మా అమ్మ ప్రార్థనలో "నీ కొరకు కనిపెట్టుచున్నాము తండ్రీ" అన్నప్పుడల్లా చీకట్లో మేలుకుని ఉన్న మనిషే కనబడేవాడు నాకు.

ఒరగల్లు:
అందరూ నిరీక్షణ దగ్గరే ఆగిపోయారు. నాకు ఇబ్బంది దాని ముందున్న 'పరీక్ష'తో. "ఓర్పు పరీక్షను" ఏమిటండీ? ఓర్చుకున్నవాడికి మళ్లీ పరీక్షా? పదో తరగతి పిల్లవాడికి ఈ వాక్యం వినిపించి చూడండి, టెన్షన్ తప్ప ఇంకేమీ రాదు. గ్రీకులో 'దొకిమే' అంటే పరీక్షకు నిలబడ్డాక తేలిన నాణ్యం అని విన్నాను. మాది కంసాలి ఇల్లు. మా నాన్న బంగారాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీత చూసి 'వన్నె' చెప్పేవారు. పదహారు వన్నెల బంగారం అంటామే, ఆ వన్నె. గీయడం పరీక్ష, తేలింది వన్నె. "ఓర్పు వన్నెను, వన్నె నిరీక్షణను" అని ఉంటే వాక్యం ఎంత తేటగా ఉండేదో. అగ్నిలో శుద్ధమయ్యే సువర్ణం గురించి పేతురు రాసింది కూడా ఇదే కదా.

గోదారిగట్టు:
వన్నె! ఇంతకాలం నాకెందుకు తట్టలేదు? అయినా ఒక నష్టం ఉంది. పరీక్ష, నిరీక్షణ రెండింటిలోనూ ఉన్నది ఈక్షణమే. "పరీక్ష నిరీక్షణను" అన్నప్పుడు ఒక మాట కడుపులోంచి ఇంకో మాట పుట్టినట్టు వినిపిస్తుంది. గ్రీకులో దొకిమేకీ, నిరీక్షణకు వాడే ఎల్పిస్‌కీ ఈ చుట్టరికం లేదు. తమిళంలో 'పరీట్చై' ఉంది కానీ పక్కన నంబిక్కై కాబట్టి ఆ శబ్దం కుదరలేదు. ఇది తెలుగుకు దొరికిన భాగ్యం. చదువురాని ఆ తల్లికి వాక్యం అన్నేళ్లు నోట్లో నిలిచిందంటే పరీచ్చ, నిరీచ్చన అనే ఆ జంటే కారణమని నేను అనుకుంటాను.

వినుకొండ:
వన్నె పెడితే ఆ ధ్వని పోతుంది, నాదీ మాస్టారి ఓటే. నిరీక్షణ అంటే నాకు ఎప్పుడూ జాషువా గారి 'గబ్బిలం' గుర్తొస్తుంది. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు ఏడాది శాపంతో విరహపడ్డాడు, ఆ శాపానికి గడువు ఉంది. ఇతని శాపానికి గడువు ఎవరూ చెప్పలేదు. అయినా కబురు పంపాడు. పౌలు అయిదో అధ్యాయంలో చెప్పిన నాలుగు మెట్లూ ఆ ఒక్క పనిలో ఉన్నాయంటాను నేను. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో అకాడమీ బహుమతి వచ్చిందని అందరూ దాన్నే క్రైస్తవ కావ్యం అంటారు. నా లెక్కలో సువార్తకు దగ్గరగా ఉన్నది గబ్బిలమే.

కీర్తనల పుస్తకం:
అది మరీ ఎక్కువ చెప్పడం. గబ్బిలంలో ఉన్నది నిరీక్షణ కాదు, ఫిర్యాదు.

వినుకొండ:
ఫిర్యాదు చేసేవాడికి వినేవాడు ఉన్నాడన్న నమ్మకం ఉండాలి కదండీ. కీర్తనల్లో సగం ఫిర్యాదులే. మీ పేరే కీర్తనల పుస్తకం!

గోదారిగట్టు:
ఈ ఒక్కచోట వినుకొండ గారి పక్కన నిలబడతాను. పోతన గజేంద్రుడు ముందు "కలడో లేడో" అన్నాడు, ఆ తర్వాతే "లావొక్కింతయు లేదు". సందేహం చెప్పేశాకే శరణు. ఆ రెండు పద్యాల వరస ఎవరూ మార్చి చదవరు. మారిస్తే ప్రాణం పోతుంది. ఛందస్సు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, 'నిరీక్ష' జగణం, అంటే లఘువు, గురువు, లఘువు. చంపకమాలలో ఎన్ని చోట్లయినా హాయిగా ఒదుగుతుంది. అంత వీలున్న మాటను మన కవులు ప్రియుడి కోసం ఎదురుచూసే నాయికకే అప్పగించేశారని నా బాధ.

దివిసీమ మనవడు:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదువుతూ మా మేనత్తకు ఫోన్ చేశాను. నానమ్మ చివరి రోజుల్లో దగ్గర ఉన్నది ఆమే. అడగగానే ఆలోచించకుండా చెప్పింది: "నిరీచ్చన సిగ్గెరగదు అనేదిరా."

కీర్తనల పుస్తకం:
అయితే నానమ్మగారు రెండింటిని కలిపేశారు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అన్న సామెత ఉంది కదా, దాని తోక వచ్చి ఇక్కడ అతుక్కుంది. కానీ అర్థం తిరగబడింది. పౌలు మాటల్లో నిరీక్షణ మనల్ని సిగ్గుపాలు చెయ్యదు, నమ్మినవాణ్ణి నలుగురిలో తలదించుకోనివ్వదు. "నీయందు నమ్మిక యుంచి సిగ్గుపడకపోయిరి" అనే 22వ కీర్తన భావమే అది. 'సిగ్గెరగదు' అంటే నిరీక్షణకే సిగ్గు లేదని అర్థం వస్తుంది. అది రోమా పత్రికలో లేదు.

చిన్నక్షరం:
పత్రికలో లేదు, నిజమే. సువార్తల్లో ఉంది. వస్త్రపు చెంగు ముట్టుకోవడానికి గుంపులో చొరబడిన ఆమె ఉంది. ఊరుకోమని గద్దించినా మరీ గట్టిగా కేకలు వేసిన గుడ్డివాడున్నాడు. న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వెళ్లిన విధవరాలుంది. వీళ్లలో ఎవరు సిగ్గెరిగారు?

దివిసీమ మనవడు:
అత్త ఇంకో సంగతి కూడా చెప్పింది. ఉప్పెన తర్వాత గంజి పోసేచోట వరసలో నిలబడటానికి నానమ్మ మొదట వెళ్లలేదట. అంతకుముందు నలుగురికి పెట్టిన ఇల్లు మాది. మూడో రోజు మిగిలిన ఇద్దరు పిల్లల్ని తీసుకుని, పక్కింటివాళ్ల సత్తుగిన్నె అడిగి తీసుకుని వెళ్లిందట. ఆ వరసలో అన్న మాట అట ఇది. ఆ మిగిలిన ఇద్దరిలో ఒకరు మా అత్త, ఇంకొకరు మా నాన్న.

గోదారిగట్టు:
...బాబూ, ఇక దీని మీద నేను వ్యాకరణం మాట్లాడలేను.

ఒరగల్లు:
నాకూ గొంతు పట్టేసింది. అయినా ఒక్కటి అడగాలి. ఆయన మొదట రాసింది మళ్లీ చూడండి, 'పొట్టిగా, విరిచి చెప్పినట్టు' అన్నారు. 'సిగ్గుపరచదు' ఆరక్షరాలు, 'సిగ్గెరగదు' అయిదు. ఒక్క అక్షరానికి అంత తేడా తెలుస్తుందా? పైగా సిగ్గెరగదు అంటే విరుపు ఉండదు, సంధిలో జారిపోతుంది. 'నిరీచ్చన సిగ్గు కాదు' అని ఉండొచ్చేమో. గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషి పక్కనున్న పిల్లలకు చెప్పే మాట అలా ఉంటుంది.

బళ్లారి వైపు:
'సిగ్గు లేదు' కూడా కావచ్చు. 'నిరీచ్చనలో సిగ్గు లేదు'.

దివిసీమ మనవడు:
'సిగ్గు కాదు' అని చదవగానే ఒళ్లు జలదరించింది, కానీ అది విన్న గుర్తా, ఇప్పుడు మీరు అన్నందువల్లా తెలియడం లేదు. అత్త మాత్రం సిగ్గెరగదు అని ఖాయంగా అంటోంది. ఆదివారం ఆరాధన అయ్యాక అవనిగడ్డ బస్సెక్కుతున్నాను. ఎదురుగా కూర్చుని మొత్తం వాక్యం చెప్పించుకుంటాను.

గోదారిగట్టు:
ఫోన్లో రికార్డు చెయ్యండి. ఇక్కడ మేం రాసిన మాటల్లో ఒక్కటి కూడా ఆమెకు ముందుగా అందించకండి. శ్రమ దగ్గర నుంచి ఆమెనే మొదలుపెట్టనివ్వండి. ఇంకోటి, 'రక్షణ'ను ఎలా పలుకుతారో కూడా కాస్త వినండి.