చెల్లికి ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్.. కార్ టీ సెల్ హైదరాబాద్‌ల చేస్తరా?

అందరికీ నమస్తే. చెల్లికి 22. డిసెంబర్ల ఉన్నట్టుండి నిద్ర పోకుడు, గోడ దిక్కు చూస్కుంట మాట్లాడుడు, అమ్మేమో గాలి సోకిందని దర్గకు తీస్కపోయింది, మేం సైకియాట్రిస్టుల సుట్టు తిరిగినం, ఆఖరికి ఫిట్స్ వచ్చినంక వెన్నులకెల్లి నీళ్లు తీసి టెస్ట్ చేస్తే ఆంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అన్నరు, అంటే ఒంట్ల రోగాలతోని కొట్లాడే శక్తే మెదడు మీద పడుడట. స్టెరాయిడ్స్, ఐవీఐజీ (దాతల రక్తంలకెల్లి తీసిన యాంటీబాడీలు ఎక్కించుడు) అయినయి, కొంచెం కుదురుకుంది గని అన్నం ముద్ద నోటి దాక తెచ్చుకోని అట్లనే ఆగిపోతది, ఎందుకు ఎత్తిందో మర్చిపోయినట్టు. జర్మనీల కార్ టీ సెల్ అని, మనిషి రక్త కణాలే తీసి మార్చి ఎక్కించి తగ్గిస్తున్నరని బావ వీడియో పంపిండు. పొలం అమ్మైనా చేపిస్తం.

బెంగళూరుల్యాబ్:
పొలం జోలికి పోకండి అన్నా. అది బెర్లిన్ షరీటే ఆసుపత్రి వాళ్లది అయ్యుంటుంది, 2023లో సెల్ జర్నల్లో వచ్చింది, కానీ ఎలకల మీద. ఐడియా మాత్రం భలే ఉంటుంది, మీ చెల్లి ఒంట్లో కొన్ని బీ సెల్స్ (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) మెదడులో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అనే ప్రోటీన్ మీదకి యాంటీబాడీలు వదుల్తున్నాయి కదా, అదే రిసెప్టర్ ముక్కని టీ సెల్‌కి (చెడ్డ కణాల్ని చంపే ఇంకోరకం తెల్ల రక్తకణం) ఎరలా తగిలిస్తారు, ఆ బీ సెల్ వచ్చి గాలానికి చిక్కుతుంది, టీ సెల్ దాన్ని చంపేస్తుంది, మిగతావాటి జోలికి పోదు. మామూలు కార్ టీ అయితే పైన సీడీ19 అనే ప్రోటీన్ ఉన్న ప్రతి బీ సెల్‌నీ ఊడ్చేస్తుంది, 2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్న 20 ఏళ్ల అమ్మాయికి ఇచ్చింది అదే.

మన దేశంలో నెక్స్‌కార్19 అనే కార్ టీ ఉంది, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్‌లో పుట్టింది, 2023 అక్టోబర్‌లో పర్మిషన్ వచ్చింది, అదీ బ్లడ్ క్యాన్సర్లకే.

విజయవాడ_అక్క:
తమ్ముడూ, రిటుక్సిమాబ్ (బీ సెల్స్‌ని తగ్గించే మందు) ఇచ్చారా? మా పాపకి స్టెరాయిడ్స్‌తో తగ్గకపోతే అదే ఎక్కించారు, మూడు నెలలకి జడ తనే వేసుకుంది, నేను గుమ్మంలో నిలబడి ఏడ్చా. ఇంకోటి, పొట్ట స్కాన్ చేయించారా? ఆడపిల్లల్లో అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంటే దానివల్లే ఇది మొదలవుతుందట, అది తీయకుండా ఎన్ని మందులు పెట్టినా అంతంతమాత్రమే అన్నారు మా డాక్టరు.

బెంగళూరుల్యాబ్:
అక్క చెప్పింది ముందు చూడండి. ఇంకో మాట, కార్ టీ సూదిమందు లాంటిది కాదు, రక్తంలోంచి టీ సెల్స్ తీసి ల్యాబ్‌లో మార్చి, కీమో ఇచ్చాకే తిరిగి ఎక్కిస్తారు, తర్వాత విపరీతమైన జ్వరం, ఒక్కోసారి మెదడు మీద కూడా ఎఫెక్ట్, అసలే అక్కడ దెబ్బతిన్న పిల్లకి..

ప్రశ్న అడిగినోడు:
రిటుక్సిమాబ్ ఒక్క డోస్ అయిందక్కా. ఇప్పుడే ఫైల్ మొత్తం తిరగేసిన, తల ఎంఆర్‌ఐ మూడుసార్లు ఉంది, పొట్ట స్కాన్ కాగితమే లేదు. సోమవారం డాక్టర్ దగ్గరికి పోవుడుంది, అడుగుత. పొలం సంగతి బాపుకు ఇంకా చెప్పలే.