నాన్నగారి గుర్తుగా ఉసిరి చెట్టు కింద బల్ల: సలహా కావాలి

మా నాన్నగారు వడ్రంగి. నిరుడు పోయారు. కార్తికం వస్తే ఇంటిల్లిపాదినీ పాపికొండల వైపు వనభోజనాలకు తీసుకెళ్లేవారు; పడవ దిగగానే మమ్మల్ని వదిలేసి చెట్లను తట్టి చూసేవారు!

ఆయన దాచిన టేకు పలకలతో మా తోటలో ఉసిరి కింద కూర్చునే బల్ల చేయించాలి. పలకల అంచుల్లో చేవ లేని తెల్ల చెక్క ఉంది. చేవకు చెదలు త్వరగా పట్టవు గానీ, ఈ తెల్ల భాగం పూర్తిగా కోసేయాలా, మందు పూస్తే సరిపోతుందా? కాళ్లను నేలలో పాతకుండా రాతి దిమ్మెలపై నిలపడం మేలేనా? ఎండావానలకు వార్నిష్ పొరలుగా లేస్తుందట. పైగా నాన్నగారికి అది గిట్టేది కాదు. అవిసె నూనె పట్టించినవారు ఎన్నాళ్లకోసారి మళ్లీ పూస్తున్నారో చెప్పగలరా? వచ్చే కార్తికానికల్లా మనవలు దానిమీద కూర్చోవాలని అమ్మ కోరిక.